సిద్ధాంతి అద్దంలో గుప్తగ్రహం

పూర్వం ఒక రాజ్యంలో భైరవ సిద్ధాంతి అనే ఆస్థాన జ్యోతిష్కుడు ఉండేవాడు. తలెత్తి చుక్కల్ని చూడడం ఆయనకు నామోషీ. దర్జాగా పీట మీద కూర్చుని, కంచు అద్దంలో పడే ఆకాశాన్నే చూసేవాడు. ఒక సాయంత్రం అందులో నల్లని చుక్క కనిపించింది.

"మహారాజా, గుప్తగ్రహం! మేదర ఈరన్న గుడిసె మీద నిలిచింది. అది ఎవరి మీద కనబడితే వాళ్లు పొలిమేర దాటిపోవాలి. లేదంటే రాజ్యానికే అరిష్టం" అన్నాడు.

రాజుగారు సరేనన్నారు. ఆ రాత్రే కబురు ఈరన్నకు అందింది. తెల్లారగానే మూట నెత్తిన పెట్టుకుని సభకు వచ్చాడు.

"పోతాను దొరా. పోయేముందు ఆ గ్రహానికి ఒక్క దణ్ణం పెట్టుకోనివ్వండి."

అద్దం తెప్పించారు. ఈరన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, రాజుగారికి ఎదురుగా పట్టుకున్నాడు. నల్లచుక్క సరిగ్గా రాజుగారి ముక్కు మీద కూర్చుంది.

"అయ్యయ్యో! నన్నొదిలి ప్రభువుల మీదికొచ్చింది. ఇప్పుడు పొలిమేర ఎవరు దాటాలి, సామీ?"

సిద్ధాంతి గబగబా వచ్చి ఆ చుక్కను గోటితో గీకాడు. "అది గ్రహం కాదు ప్రభూ, అద్దానికి పట్టిన చిలుము" అన్నాడు గొణుగుతూ.

రాజుగారు ముక్కు తడుముకుని పకపకా నవ్వారు. ఆ మధ్యాహ్నం ఈరన్న తన గుడిసెలోనే చేపల పులుసుతో కడుపునిండా తిని, గుర్రుపెట్టి నిద్రపోయాడు.