ఆగిపోదామనిపించిన రోజు

"ఒకే మైదానం, ఒకే ఎండ, ఒకే పరుగు. నలభై మందిలో ఇతని కండలే ఎందుకు చితికిపోయాయండీ?" అని సుభాషిణి తన గురువు పురుషోత్తమాచారి గారిని అడిగింది. కఠినమైన వ్యాయామం తర్వాత కొందరు యువకుల్లో కండరాలు ఎందుకు దెబ్బతింటాయన్నది ఆ జిల్లా ఆసుపత్రిలో ఆమె రెండేళ్లుగా చేస్తున్న పరిశోధన. ఆ వారమంతా ఆమెకు సరైన నిద్ర లేదు.

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆచారిగారికి లేదు. మోకాళ్ల నొప్పితో మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వార్డుకు నడిచారు. ఆమె ఫారాల కట్ట పట్టుకుని వెనకే వెళ్లింది.

ఆమె అడిగింది అక్కడున్న లింగస్వామి గురించే. అతనికి ఇరవై రెండేళ్లు. కానిస్టేబుల్ ఎంపికల కోసం పరుగు సాధన చేస్తూ కూలిపోయాడు. తొడలు కొయ్యబారాయి, మూత్రం నల్ల టీ రంగులో వస్తోంది. చితికిన కండలోని మలినం మూత్రపిండాలను ఎక్కడ దెబ్బతీస్తుందోనని ఆపకుండా సెలైన్ ఎక్కిస్తున్నారు. ఏం తిన్నావు, నీళ్లెన్ని తాగావు, ఏ మందులు వాడావు అంటూ సుభాషిణి ముందురోజే ముప్పై ప్రశ్నలు అడిగింది. అన్నిటికీ పొడిపొడిగా చెప్పాడు.

ఆచారిగారు మంచం పక్కన కూర్చున్నారు. తీరిగ్గా అతని తొడలు తడిమి చూశారు. ఆమెకు విసుగొచ్చింది, పరిశోధన కోసం ఇంకా పదకొండు మంది దగ్గర రక్తం తీయాలి.

"ఆగిపోదామని ఎప్పుడనిపించింది నాయనా?" అన్నారాయన చివరికి.

లింగస్వామి గోడవైపు చూశాడు. "సోమారం నుంచే, సార్. ఒక్కడు ఆగితే బ్యాచంతటినీ మళ్లీ ఉరికిస్తరు. అందుకే ఆగలే." మళ్లీ మెల్లగా అన్నాడు, "మా బ్యాచుల ఏలియాకు గూడ రెండు రోజుల సంది మూత్రం గిట్లనే వస్తున్నది. ఇయాల గూడ ఉరుకుతుండు."

"నిన్న నాకెందుకు చెప్పలేదు?" అంది సుభాషిణి.

"మీరు నా సంగతే అడిగిండ్రు, మేడం."

ఆమె ఫారాలు అక్కడే వదిలేసి బయలుదేరింది. మైదానానికి చేరేసరికి ఏలియా కుంటుతూ పరుగెడుతున్నాడు. ఇంకో రెండు చుట్లేనన్నాడు కోచ్. ఆమె వాదించలేదు, వెళ్లి ఏలియా దారికి అడ్డంగా నిలబడింది.

సాయంత్రానికి ఏలియా పక్క మంచం మీద ఉన్నాడు. ఇతన్ని సకాలంలోనే తెచ్చారని రిపోర్టు చూసినవాళ్లు అన్నారు. లింగస్వామి గురించి మాత్రం ఆ మాట ఇంకా ఎవరూ అనలేకపోతున్నారు.

సుభాషిణి వరండా గోడకు ఆనుకుంది. కాళ్లు పీకుతున్నాయి. "ఎందుకన్నది ఇంకా తేలనేలేదండీ," అంది.

"తేలుతుందిలే అమ్మా," అన్నారు ఆచారిగారు. "ఈలోగా ఇంకా ఎవరు పరుగెడుతున్నారో చూడు."