వెచ్చని నేల కిందికి దిగిన కథ

కొండవలసలో పైడిరాజు, ఎర్రన్న అని ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. “మా ఇంట్లో తెలివి ఎక్కువైపోయి వానాకాలంలో చూరులోంచి కారుతుంది” అని వాళ్ళు ఊరంతా గొప్పలు చెప్పుకుంటూ తిరిగేవారు. కారేది వాననీరే. అయినా కింద గిన్నె పెట్టి పట్టుకునేవారు. తెలివిని వృథా చేయకూడదు కదా!

వాళ్ళది పాత ఇల్లు, పైన చెక్క మేడ. ఆ మేడగదిలో వాళ్ళమ్మ గౌరమ్మ ఉండేది. ఆ ఏడు చలికి ఆవిడ పాదాలు కొయ్యబారిపోయాయి.

“ఒరే, ఈ నేల మీద నేను కాలు మోపలేను. పుష్యమాసంలోగా ఇది వెచ్చబడకపోతే మీ అక్క ఇంటికి పోతాను!”

అన్నదమ్ములు గజగజ వణికారు. చలికి కాదు. ఇద్దరికీ అన్నం వండడం రాదు మరి.

ఇంకేముంది, పట్నం నుంచి దాలయ్య మేస్త్రిని పిలిపించారు. మేడ నేల మీద గొట్టాలు పరిచి, పైన పల్చగా సిమెంటు పోసి, కింద బాయిలర్లో కాచిన నీళ్ళు వాటిలో తిప్పితే నేల వెచ్చబడుతుందన్నాడాయన.

“దూలాలు పాతవి నాయనా. పైనున్న బరువంతా దించండి. నేను చెప్పేదాకా ఏదీ ఎక్కించకండి.”

అంతే. మంచం దించారు, భోషాణం దించారు. గౌరమ్మకు తాళ్ళు కట్టి ఆవిడనూ కిటికీలోంచి దించారు.

“ఒరే, నేను బరువుట్రా?”

“కాదా అమ్మా? కావాలంటే నిన్ను నువ్వే ఎత్తి చూసుకో!”

సిమెంటు పోసి, “ఆరేదాకా దీని మీద కాలు పెట్టకండి” అని మేస్త్రి భోజనానికి వెళ్ళాడు. ఆరిందో లేదో చూడొద్దూ? ఇద్దరూ తలకిందులై, చేతుల మీద గదంతా తిరిగొచ్చారు.

“ఏటర్రా ఈ గుంటలు?” అన్నాడు భోజనం చేసొచ్చిన మేస్త్రి.

“చేతులే మేస్త్రీ! కాలు పెడితే ఒట్టు!”

మేస్త్రి పళ్ళు నూరుకుంటూ మళ్ళీ చదును చేశాడు. అంతా ఆరాక బాయిలర్ వెలిగించి, “వేడిని కిందికి దిగనీయకండి, తలుపులు మూసి ఉంచండి” అని చెప్పి, ఈ తెలివి తనకెక్కడ అంటుకుంటుందోనని బస్సెక్కేశాడు.

కిందికి దిగే దారేది? మెట్లే! ఇంకేముంది, చెక్కమెట్లు ఊడబీకి పెరట్లో దాచేశారు. వేడి దూకితే కొట్టడానికి ఎర్రన్న కర్ర పట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రానికి మేడ నేల హాయిగా వెచ్చబడింది. కిటికీలోంచి దూరిన పిల్లి ఒక్కటే దాని మీద ఒళ్ళు విరుచుకుంది. కింద గౌరమ్మకు పళ్ళు టకటకలాడుతున్నాయి.

“నేనెప్పుడెక్కాలిరా?”

“మేస్త్రి చెప్పాక.”

“మేస్త్రేడీ?”

“బస్సులో ఉన్నాడు.”

“అయితే నేనూ బస్సెక్కుతాను!” అని గౌరమ్మ మూట కట్టేసింది.

పైడిరాజు తల గోక్కున్నాడు. “ఒరే తమ్ముడూ! నేల దగ్గరికి అమ్మ పోకూడదు. అమ్మ దగ్గరికి నేల రాకూడదని ఎవరన్నారు?”

“వేడి దిగకూడదు కదన్నా?”

“వేడి దిగకూడదురా. నేల దిగొచ్చు!”

అంతే. ఇద్దరూ బల్లెక్కి గునపంతో పైకప్పు పొడిచారు. చెక్క విరిగింది, సిమెంటు పెచ్చులు రాలాయి, గొట్టం పగిలింది. గోరువెచ్చని నీళ్ళు ధారకట్టి, సరిగ్గా గౌరమ్మ పాదాల మీద పడ్డాయి.

“వెచ్చగా ఉందా అమ్మా?”

గౌరమ్మ మొహం విప్పారింది. మూట పక్కన పెట్టేసింది.

“ప్రాణం లేచొచ్చిందిరా నాయనా! అలా చూస్తారేం, గిన్నె పెట్టండి. మీ తెలివంతా కారిపోతోంది!”