ఏమీ చేయని కుక్క

జంతువులు కూడా రాజసభకు వచ్చి సాక్ష్యం చెప్పిన కాలంలో, సముద్రానికి ఆమడ దూరాన, ఏటి ఒడ్డున తెల్లరేవు అనే ఊరు ఉండేది.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. కుక్కను పెంచాలనుకున్నవాళ్లు ఇరుగుపొరుగును పిలిచి, అందరి ముందూ దాని మెడకు తాడు కట్టాలి. కడుతూ మూడు మాటలు చెప్పాలి.

"దీని ఆకలి నాది. దీని కట్టు నాది. దీని కాటు నాది."

ఆ మాటలు చెప్పినవాడికే కుక్క. అంత బరువు మోయలేననుకున్నవాడు పిల్లిని పెంచుకునేవాడు.

ఊళ్లో గొంకయ్య అనే గుర్రాల వర్తకుడు ఉండేవాడు. రాజుగారి సైన్యానికి గుర్రాలన్నీ ఆయనే తెప్పించేవాడు. ఒకసారి గుర్రాలతో పాటు, ఓడలోంచి దూడంత కుక్కను కూడా దించాడు. దానికి ఉరుము అని పేరు పెట్టాడు.

తాడు కట్టే రోజున గొంకయ్య డప్పులు మోగించాడు. ఊరందరికీ అరిసెలు పంచాడు. తాడుకు బదులు వెండి గొలుసు తెప్పించి, కుక్క మెడకు వేసి, మూడు మాటలూ గొంతెత్తి చెప్పాడు. అరిసెలు తింటూ ఊరంతా విన్నది.

మర్నాడే ఆ గొలుసు తీసి పెట్టెలో దాచాడు. కుక్క మెడలో ఉంటే వెండి అరిగిపోతుందట.

వీధివైపు తలుపులు బార్లా తెరిపించాడు. మూసి ఉంచితే తన గుర్రాలు, తన కుక్క జనానికి కనబడవు కదా. పూటకు ఒక్క గుప్పెడు సంకటి మాత్రమే వేయించాడు. "కడుపు నిండితే దాని పౌరుషం పోతుంది," అని మిత్రులతో గొప్పగా చెప్పుకున్నాడు. ఉరుముకు ఆయన నేర్పిన మాట ఒక్కటే: పట్టు.

అది పట్టడం మొదలుపెట్టింది.

మొదట కుమ్మరి సారయ్య. కావడిలో కుండలు మోసుకుంటూ ఆ వీధిన పోతున్నాడు. ఉరుము దూసుకొచ్చింది. సారయ్య భయపడి పరుగెత్తాడు. కుక్క పిక్క పట్టింది. కుండలన్నీ పెంకులయ్యాయి.

మేడ మీద తాంబూలం నములుతున్న గొంకయ్య కిందికి చూశాడు. "అది ఏమీ చేయదయ్యా. నువ్వెందుకు పరుగెత్తావు? పరుగెత్తితే ఏ కుక్కయినా వెంటపడుతుంది."

"చేసింది కదయ్యా," అన్నాడు సారయ్య, నెత్తురు కారే పిక్క పట్టుకుని.

"ఆడుకోబోయింది. నీకే ఆట తెలియదు," అని నవ్వి గొంకయ్య లోపలికి వెళ్లాడు.

ఆ తరువాత ఉప్పు అమ్మే ముసలి లచ్చన్న. సారయ్యకు జరిగింది విన్నాడు కనుక పరుగెత్తలేదు. ఉప్పు తట్ట నెత్తిన పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కుక్క తొడ పట్టింది.

"ఏం తాతా, గుంజలా నిలబడితే దానికి అనుమానం రాదూ? కదిలి పోవాల్సింది," అన్నాడు గొంకయ్య.

"మొన్న సారయ్య కదిలినందుకే కదా తప్పు పట్టారు, దొరా."

"వాడి సంగతి వేరు, నీ సంగతి వేరు. అది ఏమీ చేయదు."

పుండు మీద పడిన తన ఉప్పే లచ్చన్నను మండించింది. ఆ మంట గొంకయ్య మేడ దాకా పోలేదు.

మూడోసారి మంత్రసాని నూకమ్మ. పడవ నడిపే పైడయ్య భార్యకు నొప్పులు వస్తున్నాయనీ, బిడ్డ అడ్డం తిరిగిందనీ కబురొచ్చింది. రేవుకు ఆ వీధి ఒక్కటే దారి. నూకమ్మ పరుగెత్తలేదు, నిలబడలేదు. కళ్లు దించుకుని, సంచి పట్టుకుని, మెల్లగా నడిచింది. కుక్క వచ్చి, సంచి పట్టుకున్న కుడిచెయ్యి పట్టింది. గుర్రాలకాపర్లు వచ్చి లాగేదాకా వదలలేదు.

"అయ్యయ్యో, అసలు ఈ దారిన ఎందుకొచ్చావమ్మా?" అన్నాడు గొంకయ్య.

"రేవుకు ఇంకో దారి ఎక్కడుంది బాబూ?"

"అయితే కాసేపు ఆగి రావాల్సింది. లేకపోతే అది ఏమీ చేయదు."

అక్కడ ఒక బిడ్డ కాసేపు ఆగే స్థితిలో లేదు. నూకమ్మ పైట చింపి చేతికి చుట్టుకుని రేవుకు పరుగెత్తింది. ఆ చెయ్యి పనిచేయలేదు. పైడయ్య తల్లిని కూర్చోబెట్టి, "నీ చెయ్యి ఇలా పెట్టు వదినా, ఇప్పుడు తిప్పు, మెల్లగా," అంటూ నోటితోనే పురుడు పోసింది. తల్లీ బిడ్డా బతికారు. నూకమ్మ వేళ్లు బతకలేదు. ఆనాటి నుంచి అవి మడత పడలేదు. ఊళ్లో సగం మందిని ఈ లోకంలోకి అందుకున్న వేళ్లవి.

మర్నాడు నూకమ్మ రాజసభకు వెళ్లింది. వెనక సారయ్య కుంటుతూ, లచ్చన్న కర్ర పట్టుకుని వచ్చారు. ఊరు కూడా వచ్చింది. గొంకయ్యను పిలిపించారు. పెట్టెలోంచి తీసిన వెండి గొలుసుతో ఉరుమును తెచ్చారు. సభకు తేవడానికి మాత్రం గొలుసు గుర్తొచ్చింది.

"ప్రభూ, నా కుక్క ఏమీ చేయదు," అన్నాడు గొంకయ్య. "ఒకడు పరుగెత్తాడు. ఒకడు నిలబడ్డాడు. ఈమె సమయం కాని సమయంలో నడిచింది. తప్పు వాళ్లది."

నూకమ్మ ముందుకొచ్చింది. "మహారాజా, పరుగెత్తినవాడిది తప్పు. నిలబడినవాడిది తప్పు. నడిచినదానిది తప్పు. ముగ్గురికి మూడు తప్పులు పంచగా, కుక్కగలాయనకు ఒక్కటీ మిగల్లేదు. ఇదేం లెక్క? మేం ఎగరాలంటే రెక్కలు లేవు. మా వీధిలో మేం ఎలా పోవాలో గొంకయ్యగారినే చెప్పమనండి."

గొంకయ్య మంత్రి వైపు చూశాడు.

మంత్రి రాజు చెవి దగ్గర వంగి, "ప్రభూ, ఈయనకు కోపమొస్తే గుర్రాలు ఆగిపోతాయి," అన్నాడు. మెల్లగా అన్నానని అతని అభిప్రాయం.

"గుర్రాలెక్కేవాళ్లకు కూడా ముందు ఎవరో ఒకరు పురుడు పోయాలి మంత్రిగారూ," అన్నది నూకమ్మ.

రాజు తల దించుకున్నాడు. తరువాత ఉరుము వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. వీళ్లను కరిచావా?"

"కరిచాను," అన్నది ఉరుము. "ముగ్గురినీ నేనే కరిచాను. నాకు ఆకలి. తలుపు తెరిచి ఉంది. నాకు నేర్పిన మాట ఒక్కటే. వదులు అనే మాట కూడా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు."

సభలో అంతవరకు తప్పు ఒప్పుకున్నది ఆ కుక్క ఒక్కటే.

గొంకయ్య వెంటనే అందుకున్నాడు. "విన్నారుగా ప్రభూ, అదే ఒప్పుకుంది. చంపేయించండి, నాకేమీ అభ్యంతరం లేదు. వచ్చే ఓడలో ఇంతకన్నా పెద్దదాన్ని తెప్పించుకుంటాను."

అది తేలిక దారి అనుకుని రాజు సైగ చేశాడు. భటుడు బల్లెం ఎత్తాడు. కుక్కకూ బల్లానికీ మధ్యకు నూకమ్మ వచ్చింది, కట్టు కట్టిన చెయ్యి అడ్డం పెట్టి.

"ఆగు నాయనా. నన్ను కరిచినదాని మీద నాకు ముద్దేమీ లేదు. కానీ ఇది చస్తే ఈయనకు పోయేదేమిటి? వచ్చే ఓడలో ఇంకొకటి దిగుతుంది. మళ్లీ ఆ తలుపు, ఆ ఆకలి, ఆ వీధి. మళ్లీ ఒక సారయ్య, ఒక లచ్చన్న, ఒక నూకమ్మ. కుక్కను మార్చి ఏం లాభం ప్రభూ, మారాల్సింది మేడ మీద కూర్చుంటే?"

రాజు ఆ కట్టు వైపు చూసి, బల్లెం దించమన్నాడు.

"గొంకయ్యా, గొలుసు వేసిన రోజు మూడు మాటలు చెప్పావు. మళ్లీ చెప్పు."

గొంకయ్య తడుముకున్నాడు. "దీని... దీని..." అరిసెలు ఎన్ని పంచాడో గుర్తుంది, మాటలు గుర్తులేవు.

వెనక నిలబడిన ఊరు చెప్పింది. పిల్లలు సైతం గొంతు కలిపారు. "దీని ఆకలి నాది. దీని కట్టు నాది. దీని కాటు నాది."

"కాబట్టి ముగ్గురిని కరిచింది నువ్వు," అన్నాడు రాజు. "లచ్చన్న ఉప్పుకూ, సారయ్య కుండలకూ వెల నువ్వే కట్టాలి. నూకమ్మ ఇంటి పొయ్యి ఇకమీదట నీ పూచీ. పక్షం రోజుల పాటు, దాచుకున్న ఆ వెండి గొలుసుతో నీ గుమ్మానికి నువ్వే కట్టుబడి కూర్చో. కుక్కకు వేసిన గుప్పెడు సంకటే నీకూ పూటకు. ఈ పక్షంలో గుర్రాలు ఆగితే నేను నడుస్తాను."

అలాగే జరిగింది.

మొదటిరోజు గొంకయ్య ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. రెండోరోజు దారిన పోయేవాళ్లను తిట్టాడు. మూడోరోజు సారయ్య కొత్త కావడితో, చిన్న కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు. ఆకలితో కాలిపోతున్న గొంకయ్య గొలుసు చివరిదాకా దూకి, పళ్లు కొరికి, సంకటి ముంత విసిరికొట్టాడు. పిల్ల జడిసి తండ్రి వెనక దాక్కుంది.

ఎదురుగా వస్తున్న నూకమ్మ ఆ పిల్ల తల మీద ఎడమచెయ్యి వేసింది.

"భయపడకమ్మా," అన్నది. "ఆయన ఏమీ చేయడు."

వీధిలో ఎవరూ నవ్వలేదు. గొంకయ్య విన్నాడు. తాను పళ్లు కొరుకుతున్నానని అప్పుడు తెలిసింది. గొలుసు వదులయ్యేదాకా వెనక్కి జరిగి కూర్చున్నాడు. ఆ రోజు మళ్లీ తలెత్తలేదు.

పక్షం గడిచాక తన చేత్తోనే వీధి తలుపు మూసి గడియ పెట్టాడు. ఉరుమును తిరిగి ఇప్పించమని రాజును అడిగాడు. అప్పటికి అది ఒక గొర్రెలకాపరి దగ్గర ఉంది. అతను ఊరి ముందు మామూలు తాడు కట్టి, మూడు మాటలూ నిదానంగా చెప్పి తీసుకున్నాడు. తను తినకముందే దానికి పెట్టేవాడు. వీధిలోకి తెచ్చినప్పుడల్లా, నూర్పిళ్లలో ఎద్దు మూతికి కట్టినట్టు, చిక్కం కట్టేవాడు. ఒక్కరోజు కూడా మానలేదు.

"ఎవరి దగ్గర ఉంటావు?" అని రాజు కుక్కనే అడిగాడు.

ఉరుము గొంకయ్య వైపు ఒకసారి చూసి, కాపరి కాళ్ల వెనక్కి పోయి కూర్చుంది.

నూకమ్మ వేళ్లు మాత్రం మడత పడలేదు. ఏ తీర్పూ వాటిని బాగుచేయలేకపోయింది. ఆమె తన విద్యంతా కోడలి చేతులకు నేర్పి, పక్కన కూర్చుని మాట సాయం చేసేది. పైడయ్య బిడ్డ పెరిగి పెద్దదై రేవు వీధిలో ఆడుకునేటప్పుడు, ఆ పిల్లకు ఎలా నడవాలో ఎవరూ నేర్పాల్సిన అవసరం రాలేదు. పరుగెత్తింది, నిలబడింది, తనకు తోచినట్టు నడిచింది.

నీతి: కుక్కను పెంచేవాడు దాని ఆకలినీ, కట్టునూ, కాటునూ కూడా పెంచుకున్నట్టే. అది కరిస్తే తప్పు దారిన పోయేవాళ్లది కాదు, పెంచినవాడిదే.