ఒత్తని కాలు

సూరిబాబు అడిగిన ప్రశ్న ముందు చెప్పేస్తానండి, అది తెలియకపోతే మిగతాదంతా ఉత్తి ఆసుపత్రి కబురైపోతుంది. "అయ్యగారూ, మీకు నేను చెయ్యగలిగిన అన్నిటికన్నా పెద్ద సేవ ఏంటండీ?" అన్నాడు. అయ్యగారంటే మాకు రాజమండ్రిలో గీత చెప్పే పేరయ్యశాస్త్రి గారు. ఆయన ఏ ప్రశ్నకీ అప్పటికప్పుడు జవాబివ్వరు. నవ్వేసి "చూద్దాంలేరా" అంటారు. ఆ చూద్దాం ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఈసారి మర్నాడే మొదలైపోయిందండీ, నా కళ్లముందే!

సూరిబాబుది మిఠాయి కొట్టు. కాజాల పిండి పిసికి పిసికి ఇనుములా తయారైన చేతులు. రోజూ క్లాసయ్యాక అయ్యగారి కాళ్లొత్తేది వాడే, ఇంకొకళ్లని దగ్గరికి రానివ్వడు. మా క్లాసుకే వచ్చే రత్నమ్మగారు ఏడిపిస్తూనే ఉంటారు, "ఒరే, ఏదో ఒకరోజు అయ్యగారి కాళ్లని కూడా మడతకాజాల్లా చుట్టేస్తావు" అని. వాడు పట్టించుకోడు. వాడికున్న పూజంతా అదే మరి.

అయ్యగారు అప్పుడే హైదరాబాదు నుంచి వచ్చారు. వారంపాటు రోజంతా బాసింపట్టు వేసుకుని ప్రవచనం చెప్పి, ఎక్కడా దిగకుండా కారులో వచ్చేశారు. మర్నాడు పొద్దున్న చూస్తే ఎడమ పిక్క ఇంత లావు వాచి, ఎర్రగా ఉంది! సూరిబాబు పరిగెత్తుకొచ్చాడు, నువ్వుల నూనె కాచి పట్టుకుని మరీ.

చెయ్యి వేశాడో లేదో, "అమ్మో, ఇంత వేడిగా ఉందేంటండీ! బిగుసుకుపోయింది. గట్టిగా ఒత్తితే దిగిపోతుంది," అన్నాడు.

"ఆగరా," అన్నారు అయ్యగారు. "రెండు కాళ్లూ ఒకే కారులో వచ్చాయి కదా. ఒకటే ఎందుకు వాచింది?"

"నా చేతుల్లో ఏం లోపం కనిపించిందండీ మీకు?" అన్నాడు వాడు. కళ్లలో నీళ్లు తిరిగాయండీ పాపం.

"లోపం లేదు. ముందు కారు తియ్యమను."

నేనే తీశాను. దారంతా సూరిబాబు నూనె గిన్నె ఒళ్లో పెట్టుకుని, మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు నజ్మాగారు రెండు పిక్కలూ టేపుతో కొలిచారు. తరవాత స్కానింగు గదిలో కాలికి జెల్లు రాసి, ఆ మిషను పెట్టి మెల్లగా అదుముతూ మాకు తెర మీద చూపించారు. "ఇదిగో, మంచి రక్తనాళం అదిమితే ఇలా అణిగిపోతుంది. ఈ లోపలి పెద్దది చూడండి, ఎంత అదిమినా అణగట్లేదు. లోపల రక్తం గడ్డకట్టింది."

సూరిబాబు నూనె గిన్నెతోనే తెర దగ్గరికి జరిగాడు. "మరి... పొద్దున్న గట్టిగా ఒత్తేసుంటేనండీ?" అన్నాడు.

"గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ప్రాణం మీదకొచ్చేది," అన్నారావిడ. వాడు గిన్నె కింద పెట్టేసి, తన చేతులకేసి అలా చూస్తూ ఉండిపోయాడు.

వెంటనే ఆసుపత్రిలో చేర్చుకుని ఇంజెక్షను చేశారండి, తరవాత కొన్ని నెలలు మాత్రలు. ఇక్కడే నాకు ఆశ్చర్యం! నేను ఆ మందు గడ్డని కరిగిస్తుందనుకున్నాను. "కాదండీ, గడ్డ ఇంకా పెరగకుండా ఆపుతుంది, అంతే," అన్నారు డాక్టరుగారు. "కరిగించుకునే పని మెల్లగా ఒళ్లే చూసుకుంటుంది."

"అయితే మేమేం చెయ్యాలమ్మా?" అన్నాడు సూరిబాబు, ఏదో ఒక పని చెప్పమన్నట్టు.

"మాత్ర తప్పకుండా వెయ్యండి. ఈ మందుతో రక్తం తొందరగా ఆగదు, చిగుళ్ల నుంచి గానీ ఇంకెక్కడైనా గానీ రక్తం వస్తే, ఆయాసం వస్తే వెంటనే తీసుకురండి. నేను చెప్పినట్టు కాస్త కాస్త నడిపించండి. ఆ కాలు మాత్రం ఒత్తొద్దు."

దేవుడి దయవల్ల ఆ వారంలోనే ఇంటికొచ్చేశారండి, మళ్లీ క్లాసు మొదలెట్టేశారు! ఆ సాయంత్రం సూరిబాబు మాత్ర వేయించి, వరండాలో నాలుగడుగులు నడిపించి, అయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టాడు. అలవాటు చొప్పున కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు. చేతులు వాటంతటవే ముందుకెళ్లాయండీ. సగంలో ఆగాయి. రెండు చేతులూ వెనక్కి లాక్కుని, తొడల కింద పెట్టేసుకుని, వాటి మీద గట్టిగా కూర్చున్నాడు చిన్నపిల్లాడిలా!



అయ్యగారు వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. "హమ్మయ్య," అన్నారు. "ఇవాళ బాగా ఒత్తావురా సూరీ."