కొండుభట్టు విడుదల చీటీ

అనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యానికి ఒక రాజు, ఆ రాజుకు ఒక ఆకలి. ఊఁ కొట్టేవారుంటే కథ నడుస్తుంది. లేకుంటే ఇక్కడే చతికిలబడుతుంది.

చింతలగిరిని ఏలే ఉద్దండ భూపతికి బిరుదులంటే ప్రీతి, భోజనమంటే అంతకు మించిన ప్రీతి. ఆయన సభలో అడుగుపెట్టినా, విస్తరి ముందుకు వచ్చినా, జరీ తలపాగా చుట్టి, వెండి బెత్తం పట్టి బిరుదులు చదవడం కొండుభట్టు కొలువు. చదవడం పూర్తయ్యేదాకా రాజు కూర్చోరాదు. అది తాతలనాటి ఆచారం.

ఒకనాడు విస్తట్లో గుత్తివంకాయ కూర ఘుమఘుమలాడుతుండగా, బిరుదుల నడుమ కొండుభట్టుకు తుమ్ము వచ్చింది. తుమ్మితే మళ్ళీ మొదటినుంచి చదవాలి. చదివాడు, మళ్ళీ అక్కడే తుమ్మాడు. ఈలోగా కూర చల్లారిపోయింది.

"ఇతణ్ణి కొలువునుంచి తీసేశాం. తుమ్మనివాణ్ణి వెతకండి" అని ఆజ్ఞాపించి, రాజు ఆ చల్లారిన కూరనే మారు వడ్డించుకున్నాడు. మరునాడు వేటకు వెళ్ళిపోయాడు. అడవిలో బిరుదులు లేకుండానే తినవచ్చు.

కొండుభట్టు కుంగిపోలేదు. పొరుగున ఉన్న మొగలివాడ రాజు అతని కంఠం సంగతి విని, విజయదశమి సభనాటికి వస్తే కొలువిస్తానని కబురంపాడు. అయితే పాత కొలువునుంచి విడుదల చీటీ తేవాలి. చీటీ లేనివాణ్ణి పారిపోయి వచ్చినవాడిగా ఎంచి పొలిమేరలోనే ఆపేస్తారు. దశమి దాటితే ఆ కొలువు వేరొకరిది.

చీటీమీద వేసే ముద్ర దివాను నాగదేవయ్య వేలి ఉంగరంలో ఉంది. దివానుగారికి ఆ ఉంగరమంటే ఎంత మురిపెమంటే, ఒక్క ముద్రకు పది దండాలైనా పెట్టించుకోనిదే వేలు కదిపేవాడు కాదు. గుర్రపుశాలకు బాకీ లేనట్టు గుర్తు తెమ్మన్నాడు. కొండుభట్టు జన్మలో గుర్రమెక్కినవాడు కాదు. తీసుకోని గుర్రాన్ని తిరిగి ఇచ్చినట్టు ఎలా రాయమంటావని శాల అధికారి నిలదీశాడు. చేసేది లేక ఒక గుర్రాన్ని తీసుకుని, దాని మెడను కావలించుకుని ఆవరణ చుట్టివచ్చి, తిరిగి అప్పగించాడు.

తరువాత ఏనుగులశాల గుర్తు కావాలన్నాడు దివాను. మావటి మంచివాడే, తనకు అభ్యంతరం లేదుగాని ఏనుగు ఒప్పుకోవాలన్నాడు. ఏనుగు కొండుభట్టును ఎగాదిగా చూసి అతని ఉత్తరీయం నమిలి మింగింది. దానినే అంగీకారంగా రాసుకున్నారు.

కోటవాకిట సామాను కట్టిన బండిలో, ఒడిలో కోడిపెట్టతో అతని భార్య పాపాంబ కూర్చుని ఉంది. ఈ తిరిగిన తిరుగుడు కాశీకి తిరిగి ఉంటే పుణ్యమైనా దక్కేదని ఆమె, ఉత్తరీయం లేకుండా వచ్చిన భర్తను చూసి అంది. కొండుభట్టు కోటలోకి వెనుదిరిగాడు.

ఈసారి దివాను, "బెత్తం, తలపాగా నీ దగ్గరే పెట్టుకుని చీటీ అడగడానికి నోరెలా వచ్చిందయ్యా?" అన్నాడు.

ఇదే ఆఖరా అని కొండుభట్టు అడిగాడు. ఇదే ఆఖరన్నాడు దివాను. అయితే రాజుగారు వేటనుంచి రాగానే సభలో అప్పగిస్తానని, వాటిని నేలమీదగాని బల్లమీదగాని పెట్టరాదని, బెత్తం చేతినుంచి చేతికి, తలపాగా తలనుంచి తలకు మారాలన్నది తాతలనాటి పద్ధతి అని కొండుభట్టు విన్నవించాడు. ఆ జరీ తలపాగా తన తలకే ఎక్కువ నప్పుతుందని దివానుకు ఏనాటినుంచో గట్టి నమ్మకం. వెంటనే ఒప్పుకున్నాడు.

నవమినాడు సభ తీరింది. కొండుభట్టు దివాను తలకు తలపాగా చుట్టి, చేతికి బెత్తం అందించాడు. దివాను ఒక స్తంభానికున్న అద్దంలో తనను చూసుకుంటుండగా నగారా మోగింది. ఉద్దండ భూపతి వచ్చి సింహాసనం ముందు నిలబడ్డాడు.

అలాగే నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా భట్టూ, కానీ" అని దివాను గొణిగాడు.

కొండుభట్టు చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు:

"బెత్తం తమ చేతిలో ఉంది దివానుగారూ. రాజుగారి కాళ్ళు నొప్పెడతాయి, తొందరగా చదవండి."

దివాను గొంతు సవరించుకుని, జ్ఞాపకం ఉన్నంతలో గట్టిగా అందుకున్నాడు: "మిత్రుల పాలిటి పిడుగు, శత్రువుల పాలిటి చలివేంద్రం..."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "మేము శత్రువులకు చలివేంద్రం ఎప్పుడు పెట్టించాం నాగదేవయ్యా?"

దివాను గబగబా బెత్తాన్ని కొండుభట్టు ముందుకు చాచి, ఇది నీ పనే, పట్టుకోమని బతిమాలాడు. కొండుభట్టు చేయి చాచలేదు. రాజువైపు తిరిగి నమస్కరించాడు.

"మహాప్రభూ, నేను కొలువులో ఉన్నానంటే తమరి ఆజ్ఞను దివానుగారు చెల్లనివ్వలేదని అర్థం. లేనంటే, నా చీటీ నాకు రావాలి. ఏది నిజమో ఆ ఉంగరమే చెప్పాలి."

చీటీ ఏమిటని రాజు ఆరా తీశాడు. గుర్రం సంగతి విని మీసాలలో నవ్వుకున్నాడు. ఏనుగు సంగతి వినగానే పొట్ట పట్టుకున్నాడు. సభ గొల్లుమంది.

దివాను బెత్తాన్ని చంకన ఇరికించుకుని, ఒక చేత్తో జారిపోతున్న తలపాగాను పట్టుకుని, రెండవ చేత్తో అక్కడికక్కడే చీటీమీద ముద్ర వేశాడు. తెల్లవారేసరికి మొగలివాడ చేరాలని తెలిసి, రాజు తన రథానికి కట్టే మేలుజాతి గిత్తల జతను పాపాంబ బండికి కట్టించి కానుకగా ఇచ్చాడు.

"ఇక మేము కూర్చోవాలి. మొదటినుంచి కానివ్వు నాగదేవయ్యా" అన్నాడు.

ఈ కథను నాకు మొదట చెప్పినది మా నాయనమ్మ గున్నమ్మగారు.