నిండుకున్న జాడీ

అనగనగా ఒక రాజు. ఆ రాజు పేరు ధరణీపాలుడు, ఆయన ఊరు కలువకోట. ఆ కోటలో, రాణిగారు పోయిన ఏడు, ఆశ్వయుజ బహుళ తదియ నాడు, ఎనిమిదేళ్ల పిల్లాడికి ఒక అన్యాయం జరిగింది. ముందు ఆ సంగతి చెప్పుకుని, మాంత్రికుడి దగ్గరికి తరవాత వెళదాం. ఆ మాంత్రికుడు ఎక్కడికీ పోడులెండి.

పిల్లాడి పేరు మణిధరుడు. రాజుగారి మూడో కొడుకు. వాళ్లమ్మ రాణి అయ్యుండి కూడా సున్నుండలు తనే కట్టేది. కట్టిన ప్రతి ఉండ మీదా బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేది. "ఇది అమ్మ గుర్తురా. నేను పక్కన లేనప్పుడు దీన్ని పట్టుకో, నన్ను పట్టుకున్నట్టే" అనేది.

ఆవిడ పోయింది. జాడీలో ఉండలు మిగిలాయి. పిల్లాడు రోజుకొకటి తీసుకుని, ఆ నొక్కులో తన వేలు పెట్టి చూసుకుని, మెల్లిగా తినేవాడు. ఒకరోజు వంటింటి అచ్చమ్మ గుమ్మంలో ఎదురై, "నిండుకున్నాయి బాబూ" అంది.

మన ఇళ్లల్లో ఉప్పు అయిపోతే అయిపోయిందంటామా? అన్నామంటే పెద్దవాళ్లు నెత్తిన మొట్టరూ! నిండుకుంది అంటాం. అచ్చమ్మా అలాగే అంది. ఎనిమిదేళ్ల వాడికి అదేం తెలుసు? నిండుకున్నాయి అంటే నిండాయనే అనుకున్నాడు. అమ్మ వచ్చింది, మళ్లీ కట్టింది, జాడీ నింపింది! పీట వేసుకుని ఎక్కి, భుజం దాకా చెయ్యి పెట్టాడు. లోపల అడుగున కాస్త రాలిన పిండి తప్ప ఏమీ లేదు.

వాడు ఏడ్చిన ఏడుపుకి కోట కోటంతా పరిగెత్తుకొచ్చింది. రాజుగారు వచ్చి, "పిల్లాడు ఏడుస్తుంటే చూస్తారేం? ఏదన్నా పెట్టండి!" అన్నాడు. మేనత్త అరిసె పెట్టింది. పినతల్లి కజ్జికాయ పెట్టింది. నోరు నిండితే ఏడుపు బయటికి రాదు కదా, అందరూ అమ్మయ్య అనుకుని ఎవరి పనికి వాళ్లు పోయారు. ఎందుకేడుస్తున్నావురా అని ఒక్కరు, ఆ అంత పెద్ద కోటలో ఒక్కరంటే ఒక్కరు, అడగలేదు.

అదీ అన్యాయం.

అప్పట్నించీ మణిధరుడికి దిగులు వేస్తే జంతిక, భయం వేస్తే బూరె, ఏమీ తోచకపోతే పప్పుచెక్క. పెరిగాడు. ఎత్తు కొంచెం, చుట్టుకొలత బోలెడు. మెట్లెక్కితే ఆయాసం. గుర్రం వాణ్ని చూస్తే తల తిప్పుకునేది. చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి పెట్టిన ఆ మేనత్తా పినతల్లీ ఇప్పుడు చాటుగా 'బూరెదొర' అని నవ్వుకునేవారు. పెట్టిన చెయ్యీ వాళ్లదే, వెక్కిరించిన నోరూ వాళ్లదే! వాడు ఎన్నోసార్లు రేపట్నించి మానేస్తాను అనుకున్నాడు. రేపు వచ్చేది, చెయ్యి దానంతట అదే డబ్బాలోకి పోయేది.

అట్లా ఉండగా, పక్క రాజ్యం వాళ్ల అమ్మాయి కేతకిని రుచికేతుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల వాడి దీవి. ఆ పిల్ల గొంతు ఊడబెరికి తన చిలకకి పెట్టాడట. పిల్లకి ఒక్క మాట మాత్రం మిగిల్చాడట. పెద్దకొడుకు చండసేనుడు మీసం దువ్వి, "నేను తెస్తా" అని పోయాడు. రాలేదు. రెండోవాడు శూరసేనుడు కత్తి దూసి, "అన్ననీ తెస్తా, పిల్లనీ తెస్తా" అని పోయాడు. వాడూ రాలేదు. రాజుగారు మంచం పట్టాడు.

"నాన్నగారూ, నేను వెళతాను" అన్నాడు మణిధరుడు.

రాజుగారు నవ్వలేక, ఏడవలేక, "నాయనా, నిన్ను ఏ పడవ మోస్తుందిరా?" అన్నాడు.

ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. అచ్చమ్మ చేత పెద్ద మూట కట్టించుకున్నాడు. జంతికలు, అరిసెలు, కొబ్బరిలౌజు. ఇంటినించి తెచ్చుకునే ధైర్యం వాడికి అదొక్కటే.

అడవిలో పోతుంటే ఒక ముసలి ఎలుగుబంటి చెట్టెక్కి తేనెపట్టు తింటోంది. తిన్నంత తిని, సగం పట్టు కొమ్మకే వదిలేసి, మూతి తుడుచుకుంటూ దిగింది.

"అవ్వా, సగం వదిలేశావేం? బాలేదా?"

"అమృతంలా ఉంది."

"మరి?"

"చాలింది నాయనా."

మణిధరుడికి అర్థం కాలేదు. "చాలడం అంటే ఎట్లా ఉంటుంది?"

ఎలుగుబంటి వాడి మొహంలోకి చూసింది. ఎగతాళి చెయ్యలేదు. "అయ్యో, నీకెవరూ చెప్పలేదా? కడుపులోంచి ఒక చిన్న మాట వస్తుంది. బలే చిన్న గొంతు దానిది. చేతులూ నోరూ గోల చేస్తుంటే వినపడదు. చెయ్యి మూట మీదికి పోయినప్పుడల్లా ఒక్కసారి ఆగి అడుగు. ఆకలి కడుపులో ఉందా, మనసులో ఉందా అని. కడుపులో ఉంటే శుభ్రంగా తిను. మనసులో ఉంటే దానికి అరిసె ఏం చేస్తుందిరా పిచ్చినాయనా?"

మణిధరుడు అడగడం మొదలుపెట్టాడు. చాలాసార్లు జవాబు తెలిసేలోపే జంతిక నోట్లో ఉండేది. అయినా అడిగాడు.

నడిచి నడిచి మొదటి సముద్రం ఒడ్డుకి వచ్చాడు. అక్కడ చాపంత వీపున్న తాబేలు ఒకటి ఉంది.

"తాతా, నన్ను మోయగలవా?"

"నిన్ను మోస్తా. ఆ మూట కూడా మోస్తా. కానీ నీళ్ల మీద తినకూడదు. ఒడ్డు చేరాక తిందువుగాని. ఇదిగో, ఈ ఒక్క సముద్రం ఆగు."

"మొత్తం ఏడున్నాయి కదా తాతా!"

"ఏడు సంగతి నిన్నెవరు అడిగారు? ఈ ఒక్కటి."

ఆగాడు. నీళ్లు పైకి లేచినట్టే నోట్లో ఆశ పైకి లేచేది, నీళ్లు దిగినట్టే అదీ దిగేది. అది దిగుతుందని వాడికి అంతవరకూ తెలియదు. దిగేదాకా ఎప్పుడన్నా ఆగితే కదా! ఒడ్డున ఆకలేసినంత తిన్నాడు. రెండోది దాటాడు. మూడోది దాటాడు. నాలుగో సముద్రం మధ్యలో మబ్బు పట్టింది. గాలి అమ్మ పిలిచినట్టు పిలిచింది. దిగులు ఆగలేదు. మూట విప్పి, ఆగకుండా, రుచి కూడా తెలియకుండా, అడుగంటా తినేశాడు.

తినేసి సిగ్గుతో తల దించుకున్నాడు. "తాతా, నన్ను ఇక్కడే నీళ్లలో వదిలెయ్. నావల్ల కాదు."

"ఎందుకూ? తిన్నావు. సరే. నేనేమన్నా వెనక్కి ఈదుతున్నానా? అదిగో, ఒడ్డు కనిపిస్తోంది. తరవాతది ఐదో సముద్రం. ఆ ఒక్కటి ఆగు."

ఆ మాటకి మణిధరుడు తాబేలు మెడని వాటేసుకున్నాడు. తిన్నాక వెక్కిరించకుండా ఉన్న మొదటి మనిషి వాడికి ఆ తాబేలే. మిగతా సముద్రాలు దాటేటప్పుడు మూట లేదు. ఒడ్డున దొరికిన కొబ్బరీ దుంపలూ కాల్చుకుని, చాలిందన్న చిన్న మాట వినపడగానే లేచేవాడు. నడుముకి చుట్టిన పట్టుపంచె వదులై జారితే, ముడి బిగించుకుని నడిచాడు.

మాంత్రికుడి దీవిలో చీమొకటి బెల్లంముక్క మోసుకుపోతోంది. మణిధరుడు కాలు పక్కన వేశాడు. చీమ ఆగింది.

"తొక్కకుండా పోయావు. కాబట్టి చెబుతున్నా విను. ఆ మేడలో ఒక జాడీ ఉంది. దాని మూత మీద చిలక కూచుంటుంది. మాంత్రికుడి ప్రాణం ఆ చిలకలో ఉంది. చిలక ప్రాణం ఆ జాడీలో ఉంది. జాడీ నిండుకున్ననాడు వాడి పని అయిపోతుందని వాడి గురువే అన్నాడు."

"మరి మా అన్నలు?"

"పెద్దాయన జాడీ ఖాళీ చేస్తానని తింటూ కూచున్నాడు. ఎంత తీస్తే అంత ఊరుతుంది. తింటూ తింటూ రాయైపోయాడు. రెండో ఆయన జాడీ బోర్లించాడు. కుప్పలు కుప్పలుగా పడిందే కానీ ఆగలేదు. ఒకటి రుచి చూద్దామని నోట్లో వేసుకున్నాడు, ఆయనా రాయే. అది ఎప్పటికీ ఖాళీ అవదయ్యా. నేను రోజూ దాని అంచు చుట్టూ తిరుగుతాను. ఎంత ఊరినా సరే, అంచుకి ఎప్పుడూ ఒక్కటి వెలితి. ఆ వెలితి చూస్తేనే చెయ్యి లోపలికి పోతుంది."

ఒక్కటి వెలితి. మణిధరుడు ఆ మాట మనసులో పెట్టుకుని మేడలోకి వెళ్లాడు.

రుచికేతుడు ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని, పీట వేసి కూచోబెట్టాడు. అంత మర్యాద ఎవరింట్లోనూ చూసి ఉండరు! "రండి బాబూ, రండి. ఎంత చిక్కిపోయారు! మా ఇంట మొహమాటపడకూడదు. అమ్మాయ్, పెట్టు!"

కేతకి వచ్చింది. కళ్లనిండా వద్దు వద్దు అని ఉంది. నోట్లోంచి మాత్రం వాడు మిగిల్చిన ఆ ఒక్క మాటే వచ్చింది. "ఇంకొక్కటి తినండి." అంటూనే కన్నీళ్లు పెట్టుకుంది. గోడవారన చండసేనుడు, శూరసేనుడు, నోటిదాకా వచ్చిన చేతులతో రాతిబొమ్మలై కూచున్నారు.

మాంత్రికుడు మూత తీశాడు. పైనున్నది తీసి మణిధరుడి అరచేతిలో పెట్టాడు.

సున్నుండ. మీద బొటనవేలి నొక్కు.

మణిధరుడు దాన్ని వెలుగుకి తిప్పి చూశాడు. వేలు ఆ నొక్కులో పెట్టాడు. సరిగ్గా పట్టింది. మినుముల కమ్మటి వాసన. చిలక ఆడపిల్ల గొంతుతో, "ఒక్కటే! ఒక్కటే కదా! అమ్మ కట్టింది!" అంది.

చెయ్యి సగం దాకా లేచింది. ఆకలి ఎక్కడుంది అని అడిగాడు. కడుపులో లేదు. పీటెక్కి జాడీలో వెతుకుతున్న ఎనిమిదేళ్ల పిల్లాడిలో ఉంది. ఈ ఒక్క సముద్రం ఆగు, అనుకున్నాడు. కళ్లలో నీళ్లు నిండాయి. ఏడుపు వచ్చింది. ఈసారి నోరు ఖాళీగా ఉంది కాబట్టి అది బయటికి వచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ జాడీలోకి చూశాడు. తీసిన చోట మళ్లీ ఊరింది, అయినా అంచుకి ఒక్కటి వెలితి.

నిండుకున్నాయి బాబూ, అన్న అచ్చమ్మ మాట గుర్తొచ్చింది. ఆ మాటని ఉన్నదున్నట్టు నమ్మినవాడు లోకంలో తనొక్కడే కదా!

"అమ్మా, దీన్ని నీ దగ్గరే ఉంచు" అని, సున్నుండని కళ్లకద్దుకుని, జాడీలో ఆ వెలితి చోట మెల్లిగా పెట్టేశాడు.

జాడీ అంచుదాకా నిండింది.

"అదేమిటి!" అని అరిచాడు మాంత్రికుడు. "నిండుకోవడం అంటే అయిపోవడం రా మూర్ఖుడా! తీసింది తిరిగి పెట్టేవాడెవడురా లోకంలో?"

"మాంత్రికుడుగారూ, మీ ఇంట్లో జాడీ నిండుకుంది" అన్నాడు మణిధరుడు కళ్లు తుడుచుకోకుండానే.

మూత తనంతట తనే పడింది. చిలక నోరు తెరిచి, ఇంకొక్కటి అనబోయి, "చాలు!" అని ఎగిరిపోయింది. దాంతోపాటే మాంత్రికుడి ప్రాణమూ పోయింది. నిలబడ్డవాడు నిలబడ్డట్టే వరిపిండి కుప్పై కూలాడు. చీమలు బారులు తీరి, ఒక్క రవ్వ దారిలో తినకుండా, ఇంటికి మోసుకుపోయాయి. అన్నలిద్దరూ ఒళ్లు విరుచుకుని కళ్లు తెరిచారు. పొట్టలు తడుముకుని, "తమ్ముడూ, కాస్త లేపరా" అన్నారు.

మణిధరుడు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. గొంతు తిరిగొచ్చిన కేతకి నేల మీద వాడి పక్కన కూచుంది. చాలాకాలం మాటలు లేక ఉన్న పిల్ల, అడగాలంటే ఎన్ని లేవు! ఆమె అడిగింది ఒకటే.

"ఎందుకేడుస్తున్నావు?"

చెప్పాడు. అమ్మ సంగతి, నొక్కు సంగతి, పీటెక్కి చెయ్యి పెట్టిన సంగతి. ఆమె మధ్యలో ఏమీ పెట్టలేదు, ఏమీ అనలేదు, వింది. అంతా అయ్యాక వాడికి నిజంగా ఆకలేసింది. అన్నం వండుకుని, చింతకాయ పచ్చడి కలుపుకుని నలుగురూ తిన్నారు.

తాబేలు వీపు మీద ఇంటికి తిరిగొచ్చారు. రాజుగారు మంచం దిగి, ముద్దుల కొడుకుల్ని చూసుకుని, కేతకికీ మణిధరుడికీ పెళ్లి చేశాడు. మణిధరుడు వెదురుబొంగైపోయాడనుకునేరు! లేదు. వాడి ఒంటికి ఎంత కావాలో అంత ఉన్నాడు, మెట్లెక్కితే నవ్వుతూ ఎక్కాడు. గుర్రం మాత్రం ఇంకా కొంచెం అనుమానంగానే చూసేది. పెళ్లి పంక్తిలో మేనత్త ఐదో బూరె పట్టుకొచ్చి, "ఇంకొక్కటి నాయనా" అంటే, "చాలు అత్తా" అని విస్తరి మడిచి, ఆవిణ్ని పక్కన కూచోబెట్టుకున్నాడు. అచ్చమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఆమె మాటతోనే మాంత్రికుడు చచ్చాడని ఆమెకి ఎంత చెప్పినా నమ్మలేదు.

వాళ్లు ఎంతో కాలం, జుట్టు నెరిసి పళ్లూడేదాకా, చల్లగా ఏలారు. సున్నుండలు కట్టుకునేవారు, పండక్కి. కేతకి నొక్కేది ఒక వేలు, పిల్లలు నొక్కేవి పది వేళ్లు. రాజైన రోజున మణిధరుడు ఇచ్చిన మొదటి ఆజ్ఞ వంటింటి గుమ్మం పక్కన రాతి మీద చెక్కించాడు. ఈ ఇంట్లో పిల్లలెవరు ఏడ్చినా, ముందు ఎందుకని అడగాలి, విన్నాక పెట్టాలి. కింద తేదీ కూడా వేయించాడు. అది పట్టాభిషేకం తేదీ కాదు, పెళ్లి తేదీ కాదు. కేతకి నేల మీద కూచుని ఆ మాట అడిగిన రోజు.

ఫాల్గుణ శుద్ధ విదియ, బుధవారం.