సముద్రం మీంచి వచ్చినవాళ్ళు

ఎప్పటి మాటో చెప్పలేను గానీ, కడలిసీమ అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని అరివీర భూపాలుడు ఏలేవాడు. తన తెలివికి తానే మురిసిపోయే మనిషి. ఆయన కొలువులో గవరయ్య అని ఒక చమత్కారి ఉండేవాడు. ఉప్పు పండించే ఇంట పుట్టి, నోటి చలవతో కొలువుకెక్కినవాడు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. వరినే నమ్ముకున్న రాజ్యం పస్తులు పడింది. అప్పుడు రాజుగారికి ఒక ఆలోచన తట్టింది. సముద్రపుటొడ్డున చుట్టూ గోడ కట్టి ఒక పేట వెయ్యాలి. పరదేశపు వర్తకులు అందులో సుంకం లేకుండా కార్ఖానాలు పెట్టుకోవాలి. అద్దకాలు, గాజు పని, ఓడల పని అన్నీ వస్తాయి, ఇక మబ్బుల కేసి చూస్తూ కూర్చోనక్కర్లేదు. ఆలోచన చెడ్డదేమీ కాదు. ఆ వర్తకులు నిజంగా వచ్చి ఉంటే నేనీ కథ చెప్పే పనే ఉండేది కాదు.

పేట కోసం రాజుకు నచ్చిన చోటు ఉప్పు మడులు. గవరయ్య చెల్లెలు నూకాలు మడి కూడా అందులోనే ఉంది. ఉప్పు మడి అంటే నాలుగు గట్లు వేసి నీళ్ళు పెట్టడం కాదు. అడుగున బంకమట్టిని ఏళ్ళ తరబడి కాళ్ళతో తొక్కి తొక్కి రాయిలా చేస్తే గాని తెల్లటి ఉప్పు దిగదు. తాత ముత్తాతలు తొక్కిన ఆ నేలను రాజభటులు ఒక్క పూటలో ఖాళీ చేయించారు. పేటలో మీ అందరికీ పని దొరుకుతుందని మంత్రి మాట ఇచ్చాడు. పల్లెవాళ్ళు గోడ బయట పాకలు వేసుకుని, ఆ పని కోసం మూడేళ్ళు కూర్చున్నారు.

పేట గుమ్మం దగ్గర రాజు తన శాసనాన్ని రాతి మీద చెక్కించాడు. సముద్రం మీంచి వచ్చి ఈ రేవులో దిగినవారందరూ పరదేశులే, వారు కోరిన స్థలం వారికివ్వాలి, ఏ దేశమని ఎవ్వరూ అడగరాదు అని.

ఇంకేం, రాజధానిలోని బట్టల వర్తకులే సరుకు ఓడకెత్తి, రేవుకు ఎదురుగా ఉన్న చిన్న లంక చుట్టూ తిరిగి, పొడుగు టోపీలు పెట్టుకుని వచ్చి దిగారు. రాజు వాళ్ళకు తాంబూలాలిచ్చాడు. వాళ్ళలో ఒకడు నోటికొచ్చిన కూతలేవో పరభాషలా కూస్తుండగా గోడ మీద బల్లి పలికింది. వాడు చటుక్కున మనవాళ్ళందరిలాగే బల్ల మీద వేళ్ళతో కొట్టి "కృష్ణ కృష్ణ" అన్నాడు. సభంతా విన్నది. రాజు వినలేదు గనుక ఎవరూ వినలేదు. కొత్త కార్ఖానా ఒక్కటీ లేవలేదు. పాత వ్యాపారమే సుంకం ఎగ్గొట్టి గోడ లోపలికి చేరింది.

గవరయ్య ఒకసారి ఈ సంగతి మెల్లగా రాజు చెవిన వేశాడు. "మేము ఎవణ్ణి పరదేశి అంటే వాడే పరదేశి" అని రాజు కసిరాడు. ఆ రోజు పాకల దగ్గరికి వెళితే నూకాలు పొయ్యి చల్లగా ఉంది. మొగుడు పని వెతుక్కుంటూ పోయి ఏడాది దాటింది, కబురు లేదు.  కొలువులో ఇన్నాళ్ళూ ఎవరిని నవ్విస్తూ వచ్చానా అని గవరయ్య తనని తనే అసహ్యించుకున్నాడు.

నాలుగు రోజుల తరవాత పొద్దున్నే పల్లె పల్లెంతా పడవలెక్కింది. కెరటాలు దాటి నడిసముద్రం దాకా వెళ్ళి, అక్కడి నుంచి తిరిగి రేవులో దిగింది. పరదేశులు గుంపుగా వచ్చారన్న కబురు విని రాజు గొడుగుతో, బాకాలతో, టోపీల వర్తకులను వెంటేసుకుని వచ్చాడు. చూస్తే చింకిపాతల జనం. వాళ్ళ ముందు దుబాసీగా చేతులు కట్టుకుని గవరయ్య.

"ఏ దేశంవాళ్ళు వీళ్ళు?" అన్నాడు రాజు.

"అడగకూడదని తమ శాసనం, ప్రభూ."

రాజు తేరిపార చూశాడు. "వీళ్ళు మన ఉప్పు పల్లెవాళ్ళు కదయ్యా."

"మనకు ఉప్పు పల్లె ఎక్కడుంది ప్రభూ? తమరు తీసేయించి మూడేళ్ళయింది. ఈ రాజ్యంలో నిలబడడానికి చోటు లేనివాళ్ళు పరదేశులు కాకపోతే మరెవరు? సముద్రం మీంచి వచ్చినా వీళ్ళని కాదంటే, తమ పక్కనున్న టోపీలు కూడా తీయించాల్సి వస్తుంది."

వర్తకులు తలలు దించుకున్నారు. రాజు శాసనం కేసి చూశాడు, టోపీల కేసి చూశాడు. ఏం చెయ్యాలో తోచక నవ్వాడు. నవ్వడం మొదలుపెట్టాక నిజంగానే నవ్వొచ్చి కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళు కోరిన మడులు అప్పటికప్పుడే ఇచ్చేసి, తన మెడలోని ముత్యాలహారం తీసి గవరయ్య మెడలో వేశాడు.

జనం ఏడుస్తూ, నవ్వుతూ గోడ లోపలికి పరుగెత్తారు. నూకాలు తన మడి ఉన్న చోటు గుర్తుపట్టి తవ్వింది. కార్ఖానాల కోసమని మూడు మూరల మందాన ఎర్ర గులకమట్టి పోసి ఉంది. దాని కింద, తాతలు తొక్కిన బంకమట్టి అడుగు, పునాదుల కోసం దింపిన గునపాలకు ఎక్కడికక్కడ పగిలిపోయి ఉంది. ఆమె చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుంది. మరికొంచెం తీసి గవరయ్య చేతిలో పెట్టింది.

"చప్పగా ఉందన్నియ్యా. ఇది మళ్ళీ మడి అవ్వాలంటే ఎన్నేళ్ళు తొక్కాలి?"

రాజుకి, మంత్రికి, పండితులకి తడుముకోకుండా జవాబు చెప్పిన నోట్లో గవరయ్య కూడా ఆ మట్టి వేసుకున్నాడు.